అమ్మ వంతు

మా అమ్మ చేత గవ్వలు వేయించడానికి మేం పడిన పాట్లు చెప్తే ఎవరైనా నవ్వుతారు. ఆట అన్నాక వంతు రాగానే గవ్వలు వెయ్యాలి, పడిందేదో పడుతుంది, అంతే కదా! మా అమ్మ వెయ్యదు. గుప్పిట్లో పట్టుకుని మా ముఖాలవైపు చూస్తూ కూర్చుంటుంది. కాసేపయ్యాక, "నా బదులు నువ్వే వెయ్ మే," అని గవ్వలన్నీ నా ఒళ్ళో పోస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందులో దాచేదేమీ లేదు.

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. తెల్లవారినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా వీధంతా మగ్గాల చప్పుడే. అమావాస్య రోజు మాత్రం ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. ఆ పొద్దున మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి వదిలేస్తారు. మగవాళ్ళు బజారుకో సినిమాకో పోతారు. ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండే మధ్యాహ్నం నెలకు అదొక్కటే. మా ఇంట్లో మగ్గం పక్కన చాప వేసుకుని మేం ఆడేది ఆ పూటే.

నేర్పింది ఆపా. ఉర్దూలో అక్క అని, ఆమెను అట్లే పిలిచేవాళ్ళం. ఆమె ఆదోని ఆడపడుచు. వాళ్ళ ఆయనకు మా వీధి చివర నూలుకు వేసే రంగుల దుకాణం ఉండేది. అమావాస్య రోజు రంగులు కొనేవాళ్ళెవరూ రారు కాబట్టి ఆమెకూ తీరికే. ఆదోనిలో వాళ్ళ తాత సాయంత్రం పూట పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కిస్సాలు చెప్పేవాడట. జిన్నులు, మాయకోటలు, మాట్లాడే గుర్రాలు. చెప్పి చెప్పి, రాజకుమారుడు గుహలోకి అడుగు పెట్టబోతున్నాడనగా ఆపేసి, "ఇప్పుడు నువ్వయితే ఏం చేస్తావ్?" అని ఒక పిల్లను అడిగేవాడట. ఆ పిల్ల ఏం చెప్తే కథ అటు పోవాలి. చెప్పిన పని నెరవేరిందో లేదో తేల్చేది పచ్చీసు గవ్వలు. సగానికి పైగా వెల్లకిలా పడితే పని అయినట్టు, బోర్లా పడితే చెడినట్టు. ఇప్పుడు బెంగుళూరులో చదువుకునే పిల్లలు బల్ల చుట్టూ చేరి ఇట్లాంటి ఆటే నెలల తరబడి ఆడతారని, దానికి పుస్తకాలూ బొమ్మలూ కూడా ఉంటాయని మా అన్న మనవరాలు చెప్పింది. "పోవే, మేమెప్పుడో గవ్వలతో ఆడినాం," అన్నాను.

ఆపా మాకు చెప్పిన కథ ఏమిటంటే, కొండ మీది కోటలో ఒక మంత్రగత్తె దేశంలోని వానలన్నిటినీ ఒక కుండలో పట్టి మూత బిగించింది. మేం పోయి ఆ కుండ పగలగొట్టాలి. ఎనభైల మొదటి రోజులవి. వాన కోసం ముఖం వాచిపోయి ఉన్నాం. మాకు ఇంతకంటే పెద్ద కథ ఇంకేం కావాలి చెప్పండి! నేను కత్తి పట్టిన రాణిని. పదో తరగతి తప్పి ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నదానికి ఎవరినో ఒకరిని నరకాలనే ఉంటుంది కదా. మా వదిన మొదట్లో నోరు విప్పలేదు. అత్త ఎదురుగా కూర్చుని కథలో గోడలు దూకడమా అని సిగ్గు. ఆపా ఆమెను దొంగను చేసింది.

"అరే, దొంగ గట్టిగా మాట్లాడదు కదా! నా సెవిలో సెప్పు, సాలు," అంది.

అంతే. వదిన ఆపా చెవిలో గుసగుసలాడి, మొదటి రోజే కోటగోడకు కన్నం ఎక్కడ వేయవచ్చో కనుక్కుంది. మూడు నెలలు తిరిగేసరికి ఆమె గొంతు వీధి మొగదలకు వినబడేది.

ఆపా దగ్గర ఆ విద్య ఉంది. జంకేవాళ్ళను ముందుకు తోసేది కాదు. వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో తనే అక్కడికి పోయి కూర్చునేది. కానీ మా అమ్మ దగ్గర ఆ విద్య కూడా పారలేదు.

అమ్మ ఎందుకు అట్లా అయిందో వీధికంతా తెలుసు. డెబ్బైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా చెల్లెలికి జ్వరం వచ్చింది. దానికి మూడేళ్ళు కూడా నిండలేదు. మా నాయన చీరల మూట తీసుకుని మాధవరం వైపు అమ్మకానికి పోయి ఉన్నాడు. ఇక్కడి డాక్టరు సూది వేసి, రేపటిదాకా చూద్దామన్నాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, కొడుకు వచ్చేదాకా బిడ్డను కదిలించొద్దంది. అమ్మ వినలేదు. ఆదోనిలో పెద్దాస్పత్రి ఉంది, అక్కడైతే బతికిస్తారని బిడ్డను ఎత్తుకుని ఒక్కతే బస్సెక్కింది. సాయంత్రానికి తిరిగి వచ్చింది. నేను వాకిట్లో ఉన్నాను. చెల్లెలు అమ్మ భుజం మీద ఉంది, తల మీద కొంగు కప్పి ఉంది. దానికోసం ఖాళీ కండెలతో నేనొక బొమ్మ కట్టి పెట్టాను. అది చూపిద్దామని ఉరికితే అమ్మ నన్ను ఆపింది.

"నిద్రపోతాంది, లేపొద్దు," అంది.

నేను నమ్మాను. బొమ్మ పట్టుకుని మళ్ళీ ఆడుకోవడానికి పోయాను.

ఆస్పత్రిలో పోయిందని అమ్మ లోపల అవ్వకు చెప్పింది. ఇంక అవ్వ మొదలుపెట్టింది. "ఇంటి పట్టున ఉంటే బతికేది. ఆ బస్సు కుదుపులకే పోయింది బిడ్డ. తొందరపడి సంపినావు కదే!" ఈ మాట చూడవచ్చినవాళ్ళ ముందు అంది, దినం రోజు అంది, తర్వాత పండక్కీ పబ్బానికీ అంది. నాయన అమ్మను ఒక్క మాట అనలేదు. అవ్వ నోరు ముయ్యమనీ అనలేదు. ఆ రోజు నుంచి అమ్మ ఏ విషయమూ తన నోటితో తేల్చి చెప్పడం మానేసింది. వంకాయా బెండకాయా అంటే, "మీ నాయనను అడుగు." నాకు ఏ రంగు లంగా అంటే, "ఆ అంగడాయప్ప సెప్తాడులే." కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఇంకొకరి నాలుక మీద వేసి చూసేది. అవ్వ పోయింది గానీ అవ్వ మాట ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ మీద పైకి అరిచేదాన్ని గానీ, అదంతా ఏడుపే.

అందుకే ఈ ఆటలోనైనా అమ్మ ఒక్కసారి "నేను ఈ పని చేస్తా" అనాలని, తన చేత్తో గవ్వలు వెయ్యాలని నాకు పంతం. ఆటే కదా, తప్పయితే ఎవరికేం పోతుంది?

మొదట ఆపా అమ్మకు దివిటీ పట్టుకునే వేషం ఇచ్చింది.

"నువ్వు యాడికి పోతే వెలుగు ఆడికే అమ్మా. నువ్వు కదలకుంటే వీళ్ళిద్దరూ సీకట్లో గోడలకు గుద్దుకుంటారు."

"వాళ్ళు యాడికి పోతే ఆడికే వస్తాలే తల్లీ," అంది అమ్మ.

తర్వాత రెండు దారులు పెట్టింది. కుడి పక్కన ముళ్ళ దారి, ఎడమ పక్కన పాముల దారి. ఏదో ఒకటి చెప్పమంది. అమ్మ చాపలోని పుల్లను గోటితో గీకుతూ చాలాసేపు కూర్చుని, "మీ ఇష్టం," అంది. నాకు తిక్క రేగింది.

"పాములు కరిసినా నన్నే కరుస్తాయి, ముళ్ళు గుచ్చుకున్నా నాకే గుచ్చుకుంటాయి! సెప్పేకి నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

వదిన నా తొడ గిల్లింది. అమ్మ గవ్వలు చాప మీద పెట్టి లోపలికి పోయింది. బొరుగులు నానబెట్టి, తిరగమోత వేసి, ఉగ్గాని చేసుకొచ్చి మా ముగ్గురి ముందూ పెట్టింది. నేను తినలేదు. తర్వాత తిన్నాను.

ఆట ఆపడానికి మాకొక పద్ధతి ఉండేది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే దాన్ని మొత్తం కోసేయరు. జానెడు పోగులు వదిలి కోసి, కొత్త పడుగు పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటే అతుకుతారు. వేళ్ళకు బూడిద రాసుకుని ఆ పోగులు మెలిపెట్టే పని మా ఇంట్లో అమ్మది. కొస మిగల్చకుండా కోసేశారంటే ఆ ఇంట్లో మగ్గం ఎత్తేస్తున్నట్టే. "కథ కూడా అట్లే ఆపాల, అతికేకి కొంచెం ఉంచాల," అంది వదిన. కాబట్టి ప్రతి అమావాస్యా ఏదో ఒక పని సగంలో ఉండగా ఆపేవాళ్ళం. ఒకసారి నేను రాక్షసుడి మీద కత్తి ఎత్తి ఉండగా ఆగిపోయింది. ఆ నెలంతా ఎత్తిన కత్తితోనే కండెలు చుట్టాను.

ఒక అమావాస్యకు ఆపా తన తీరు మార్చింది. ఏం చేస్తావని అడగలేదు.

"అమ్మా, నీ మూటలో ఏముంది?" అంది.

"మూటా?"

"దారికి మూట కట్టుకోలేదా? ఇన్ని నెలల నుంచి నడుస్తాండావు."

అమ్మ ఆలోచించింది. ఆటలో అమ్మ ఆలోచించడం నేను చూసింది అదే మొదటిసారి.

"జొన్నరొట్టెలు ఉండాయి. గురెళ్ళ పొడి. ఒక సెంబు."

"ఇంకా?"

"పాత సీర. పరుచుకునేకి."

"ఇంకా?"

అమ్మ పెదవులు తడుపుకుంది. "ఒక గౌను. పసుప్పచ్చది," అంది.

వదిన తల దించుకుంది. ఆపా గొంతు మాత్రం మారలేదు.

"ఎవురిది అమ్మా?"

"పాపది." తర్వాత నెమ్మదిగా, ఎవరికో తప్పిపోయిన వస్తువు జాడ చెప్తున్నట్టు, "పాప నా ఎంబడే ఉంది. మీరెవురూ సూడలేదు," అంది.

ఆపా మాట మారుస్తుందేమోనని చూశాను. మార్చలేదు.

"అయితే పాప కూడా మనతోనే వస్తాది. సెయ్యి బాగా పట్టుకో, దారి మంచిది కాదు," అంది.

అప్పటి నుంచి అమ్మ ఆడింది. అబ్బ, ఏం ఆడింది! పాపకు ఎండ తగులుతోందంటే సేన మొత్తం ఆగాలి. సేన అంటే నేనూ వదినా. పాపకు దప్పికైతే బావి దొరికేదాకా కథ ముందుకు పోదు. ఒకసారి మంత్రగత్తె కుక్కలు మా వెంట పడ్డాయి. అమ్మ దారి మధ్యలో కూర్చుంది.

"పాప కాలికి ముల్లు గుచ్చుకుంది. తీసేదాకా నేను కదల్ను."

నేను! కదల్ను! ఆ రెండు మాటలూ విని కళ్ళు తుడుచుకుని కుక్కల మీద పడ్డాను. ఆ రోజు ఎన్నిసార్లు గవ్వలు వేయమన్నా వేసేదాన్ని. అమ్మ మాత్రం ఇంకా గవ్వలు ముట్టేది కాదు, తన వంతు కూడా నా చేతే వేయించేది. అయినా ఇంట్లో తేడా కనబడింది. ఒక పొద్దున నాయన కొత్త చీరకు అంచు ఏ రంగు వేద్దామని తనలో తను అనుకుంటుంటే, పొయ్యి దగ్గర నుంచి "ఆకుపచ్చ వెయ్," అంది అమ్మ. నాయన తలెత్తి చూశాడు. ఆకుపచ్చే వేశాడు. ఇంక నా ఆనందం చూడాలి! ఆపా ఇంటికి పరుగెత్తి చెప్పి వచ్చాను.

చివరికి నది దగ్గరికి చేరాం. ఊళ్ళల్లో చుక్క లేదు గానీ, కోట చుట్టూ మాత్రం మంత్రగత్తె దాచుకున్న నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఒడ్డున ఒక పుట్టి ఉంది. మాధవరం దగ్గర తుంగభద్రలో తిరుగుతాయే, తోలు బిగించిన పెద్ద వెదురు బుట్టల్లాంటి గుండ్రటి పడవలు, అదే. పుట్టివాడి గొంతు ఆపా బొంగురుగా పలికేది, మేం నవ్వేవాళ్ళం. నేను గవ్వలు వేసి దాటాను. వదిన రెండోసారికి దాటింది.

"అమ్మా, నీ వంతు."

అమ్మ ఒళ్ళోకి చూసుకుంది. అక్కడ ఏమీ లేదు.

"పాపకు ఒళ్ళు కాగుతాంది," అంది.

ఆ జ్వరం ఆపా కథలోది కాదు. మేమెవరమూ పెట్టింది కాదు. అమ్మే తెచ్చింది. ఆపా గవ్వలన్నీ ఏరి అమ్మ ముందు కుప్పగా పెట్టింది.

"గవ్వలు నీకాడ ఉండాయి అమ్మా. తొందర లేదు. దాటుతావో, ఈ ఒడ్డునే ఉంటావో నువ్వే సెప్పు."

అమ్మ గవ్వల వైపు చాలాసేపు చూసింది. చేయి ముందుకు పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నిద్రపోతాంది, లేపొద్దు," అంది. "మీరు పోండి."

ఆ మాట వినగానే నేను మళ్ళీ వాకిట్లో నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్లనయ్యాను. నీళ్ళు తాగడానికని లేచి వెనక పెరట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తర్వాత ప్రతి అమావాస్యా అదే. మేం కోటలోకి పోయాం, మెట్లెక్కాం, కాపలావాళ్ళను కొట్టాం. చుట్టు తిరిగి అమ్మ దగ్గరికి వచ్చేసరికి, "నిద్రపోతాంది, లేపొద్దు." వదిన ఒకసారి, "అత్తా, పాపను నేనెత్తుకుంటా, రాండి," అని బతిమాలింది. అమ్మ వద్దని తల ఊపింది. ఆపా మాత్రం విసుక్కోకుండా ఆ ఒడ్డున గాలి ఎట్లా ఉందో, చలి పెడుతోందో లేదో, పాపకు ఏం కప్పిందో అడిగేది. "కొంగు కప్పినా," అనేది అమ్మ. ఇంట్లో కూడా అమ్మ మళ్ళీ వెనక్కి పోయింది. కూరగాయల బండి వస్తే, "మీ నాయనను అడుగు."

నేను తట్టుకోలేకపోయాను. ఒక రోజు దుకాణం దగ్గరికి పోయి, రంగు డబ్బాల మధ్య నిలబడి ఆపాతో గొడవ పెట్టుకున్నాను.

"ఆ బిడ్డకు జ్వరం తగ్గించు! కథ నీ నోట్లోనే కదా ఉండేది! లేసి కూర్చుంది, అన్నం అడిగింది అని సెప్పు. నీకేం పోతాది?"

ఆపా చేతులకు నీలం రంగు అంటి ఉంది. ఒక పాత గుడ్డతో తుడుచుకుంటూ నా మాటలన్నీ విన్నది.

"నేను సెప్తే అమ్మ వంతు నేను ఆడినట్టు అయితాది మే. ఆ పని మీ అవ్వ సేసింది, మీ నాయన సేసినాడు. నేను సెయ్యను," అంది.

నేను తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. తిట్టడానికి మాటలు దొరక్క ఇంకా కోపం వచ్చింది.

ఇంతలో ఆపా వాళ్ళు ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. ఆదోనిలో ఆమె మామకు పక్షవాతం వచ్చింది, ఆయన అంగడి చూసుకునేవాళ్ళు లేరు. ఇక్కడి దుకాణం మూసేశారు. సామాను బండికెక్కించే ముందు ఒక అమావాస్య మిగిలింది. ఆపా వచ్చి చాప మీద కూర్చుని, గవ్వలు మధ్యలో పెట్టింది.

"ఈ పొద్దు కొస ఉంచే పని లేదు. కోసేద్దాం," అంది.

వదిన ఆ మాటకే ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే చివరి తాళం తీసింది. నేను కుండ పగలగొట్టాను. నా గవ్వలన్నీ వెల్లకిలా పడ్డాయి, ఒక్కటి కూడా బోర్లా పడలేదు. దేశంలో ఉన్న ఊళ్ళన్నిటి మీదా వాన కురిసింది. ఆపా ఒక్కొక్క ఊరి పేరూ చెప్పింది, మద్దికెర, మాధవరం, మా ఊరు, వాళ్ళ ఊరు. ఇన్నేళ్ళ ఆట గెలిస్తే ఎగిరి గంతులు వెయ్యాలి. ముగ్గురమూ అమ్మ వైపు చూస్తున్నాం.

"అమ్మా, ఇది ఆఖరు వంతు," అంది ఆపా. "నువ్వేం సెప్పకున్నా పర్వాలేదు. ఆడే కూర్చుంటా అంటే ఆడే కూర్చో. నీ ఇష్టం."

అమ్మ గవ్వలు తీసుకుంది. గుప్పిట మూసింది. ఇంక నా ఒళ్ళో పోస్తుందనుకుని నేను చేతులు చాపాను. పోయలేదు.

"పాప లేయదు తల్లీ," అంది.

ఆపా అమ్మకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"ఆ పొద్దు ఆస్పత్రి దాకా కూడా రాలేదు. బస్సులోనే పోయింది. సగం దారి కూడా కాలేదు. అంతదాకా ఒళ్ళు కాలిపోతాండేది, ఉన్నట్టుండి సల్లబడింది. జ్వరం తగ్గిందనుకున్నా." అమ్మ ఆగింది. నా వైపు తిరిగింది. "సంతోషపడినా మే."

వదిన నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"తర్వాత తెలిసింది. అరిసేకి నోరు తెరిసినా. అంతలో పక్కనున్నామె, బిడ్డకు ఎట్లుందమ్మా అని అడిగింది. పీనుగ అని తెలిస్తే బస్సు నిలిపి దింపేస్తారు. ఒకసారి సచ్చిపోయిన ఒక ముసలాయప్పను, ఆయప్ప కొడుకును అట్లే దింపింది నేను సూసినా. ఆ ఎండలో, ఆ సేన్ల మధ్య దిగి, బిడ్డను ఎత్తుకోని నేను యాడికి పోవాల? నిద్రపోతాంది, లేపొద్దు అన్నా. కండక్టరు వచ్చినాడు, ఆయప్పకూ అదే సెప్పినా. ఆస్పత్రిలో సూసి, ఎప్పుడో పోయిందమ్మా, తీసుకుపో అన్నారు. మళ్ళా బస్సెక్కినా. మళ్ళా అదే మాట. దిగి ఇంటికి వస్తే వాకిట్లో నువ్వున్నావు. నీకూ అదే సెప్పినా."

"మరి ఆస్పత్రిలో పోయిందని ఎందుకు సెప్పినావమ్మా?" అన్నాను.

"బస్సులో పోయింది అంటే మీ అవ్వ మాటే నిజమైతాది కదా." గుప్పిట్లో గవ్వలు గలగలమన్నాయి. "కుదుపులకే పోయిందో ఏమో, నాకూ తెలీదు. ఇంటికాడ ఉంటే బతికేదేమో. ఎవుర్ని అడగాల?"

పోయేటప్పుడు సగానికి పైగా దారి, వచ్చేటప్పుడు మొత్తం దారి, చచ్చిపోయిన బిడ్డను జోకొడుతూ కూర్చుంది మా అమ్మ. పక్కవాళ్ళకు అనుమానం రాకుండా జోకొట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్ళు అవ్వ తిడుతుంటే నోరు మూసుకుని పోగులు అతుకుతూ కూర్చుంది. ఎవరి మీదైనా అరవాలని నాకు ఒళ్ళంతా ఉడికిపోయింది. అవ్వ లేదు. నాయన ఇంట్లో లేడు. ఆ బస్సు నడిపినవాడు ఎవడో. జీవితంలో మొదటిసారి నా కోపానికి మనిషి దొరకలేదు.

అమ్మ నడుము నిలబెట్టి కూర్చుంది.

"ఇప్పుడు నా వంతు కదా," అంది ఆపాతో.

"నీ వంతే అమ్మా."

"పాపను ఎత్తుకోని పుట్టి ఎక్కుతా. పుట్టివాడు అడుగుతాడు. అడిగితే నేను అబద్ధం సెప్పను. బిడ్డ పోయిందప్పా, ఇంటికి తీసుకుపోవాల అని సెప్తా."

అని గవ్వలు వేసింది. తన చేత్తో వేసింది. అవి చాప దాటి దొర్లాయి, ఒకటి పోయి మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంటలో పడింది. ఎట్లా పడ్డాయో ఎవరమూ చూడలేదు. ఆపా చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఎప్పుడూ మమ్మల్ని నవ్వించే ఆ పుట్టివాడి బొంగురు గొంతు తెచ్చుకోవడానికి రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"ఎక్కమ్మా," అంది. "పాపను ఒళ్ళో పెట్టుకోని కూర్చో. నేను నిన్ను యాడా దింపను. ఇల్లొచ్చేదాకా దింపను."

అమ్మ అప్పుడు ఏడ్చింది. చెల్లెలు పోయిన రోజున కూడా అమ్మ అట్లా ఏడవగా నేను వినలేదు. నోరు తెరిచి, ఖాళీ ఒళ్ళు రెండు చేతులతో పట్టుకుని, దాని పేరు పెట్టి పిలుస్తూ అరిచింది. అమావాస్య కదా, వీధిలో మగ్గాల చప్పుడు లేదు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా అందరికీ వినబడింది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడి, ఏమైంది, ఎవరికేమైంది అని అడుగుతున్నారు.

నేను లేచి గుమ్మంలోకి పోయాను.

"మా సెల్లెలు పోయింది," అన్నాను.